కూర్చున్న ఒంటె

ఈ ఉదయం మా వీధి కొళాయి గట్టు మీద సగానికి కోసిన బంగాళాదుంప ఒకటి పడి ఉంది. కోసిన వైపు ఊదా రంగు సిరా. ఒక చీమ దాని అంచు దాకా వచ్చి, కాసేపు ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ దుంప సంగతి చివర చెబుతాను. ముందు సభా మర్యాద.

సభాధ్యక్షులు గణపతిరావు గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, టెల్కో కాలనీ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన బంధువులకు, అగ్రికో నుంచి నడిచే వచ్చిన స్నేహితులకు, బి షిఫ్టుకు సెలవు పెట్టి వచ్చినవారికి, పెట్టకుండానే వచ్చినవారికి (నవ్వులు), వెనక చాపల మీద కూర్చున్న అమ్మలకు, పిన్నమ్మలకు, ఈ సభకు కారణమైన శ్రీ వరహాలు గారికి నమస్కారం.

నా పేరు సత్యవేణి. ఇక్కడి ఉక్కు ప్లాంటులో బరువులు ఎత్తించే ఖలాసీగా పనిచేసే సూర్యం గారి అమ్మాయిని. చాలామందికి జోగమ్మ మనవరాలిని అంటే త్వరగా తెలుస్తుంది. కాన్వెంటులో చదువుకున్నాను, ఇప్పుడు ఒక లైబ్రరీలో పనిచేస్తున్నాను. రెండు చోట్లా మాట్లాడకుండా ఉండడమే మంచి అలవాటు అని చెప్పారు. నేను ఈరోజు మైకు ముందు నిలబడతానని తెలిసి మా నాన్న, "అదా? అన్నంలోకి ఉప్పు అడగడానికే దానికి అరగంట పడతాది. సభ రేపటికి అవుద్ది," అన్నారు. అందుకే అంతా కాగితాల మీద రాసుకుని వచ్చాను. తల ఎత్తి చూడకపోతే మన్నించండి.

నన్నెందుకు పిలిచారో గణపతిరావు గారు మొన్ననే దాచకుండా చెప్పారు. "అమ్మా, మేం అడిగితే దెబ్బలాటలా ఉంటుంది. నువ్వు మెల్లగా అడుగు, మధ్యలో కాస్త కళ్ళు తుడుచుకో. ఆయన కరుగుతాడు," అన్నారు. గణపతిరావు గారి లాల్చీ జేబులో ఇప్పుడు ఒక నామినేషను కాగితం మడిచి ఉంది. అన్నీ నింపారు. వరహాలు గారి సంతకం ఒక్కటే తక్కువ. రేపు మధ్యాహ్నం మూడింటితో గడువు అయిపోతుంది. ఎనిమిదేళ్ళుగా మన ఎమ్మెల్యేగా ఉన్న మనిషి, ఈ ఎనభై అయిదో సంవత్సరం ఎన్నికల్లో నిలబడనని రెండు నెలలుగా అంటున్నారు. అందుకే ఈ సన్మానం. కానీ మొన్న ఆయన ఎన్నికల ఏజెంటు పోలరాజు గారు పట్టు పట్టేసరికి కాస్త మెత్తబడి, "సరే, సభ ఏటంటే అదే," అనేశారు. కాబట్టి ఇది వీడ్కోలు సభో, సంతకం సభో నేను వెళ్ళి కూర్చునేలోపు తేలాలి.

కొత్తగా వచ్చిన పిల్లలకు, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే మా తరం వాళ్ళకు, వరహాలు గారి గురించి కొంచెం చెప్పాలి. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాని వయసులో టాటానగర్ స్టేషనులో దిగారు. ప్లాంటులో క్రేను నడిపారు. ఆయన పైన కేబిన్లో కూర్చుంటే, మా నాన్న కింద నిలబడి చేతులతో సంజ్ఞలు చేసేవారు. ఎత్తమంటే ఇలా, దించమంటే ఇలా. ఆ మోతలో మాట వినపడదు. తరువాత వరహాలు గారు యూనియనులోకి వెళ్ళారు. డెబ్భై రెండులో మొదటిసారి అసెంబ్లీకి నిలబడ్డారు.

ఏ పార్టీ లేదు. వచ్చిన గుర్తు కుండ. ఎన్నికల ఏజెంటు పోలరాజు గారు ఆ గుర్తు చూసి సంబరపడిపోయారట. కొళాయి లేని బస్తీకి కుండను మించిన గుర్తు ఏముంటుంది? గోడల నిండా కుండలు గీయించారు. నిజం కుండలకు రంగులు వేయించి, నెత్తిన పెట్టించి, డప్పులతో ఊరేగింపులు తీశారు. ఆయనకు తట్టని విషయం ఒక్కటే. మన ఆడవాళ్ళ లెక్కలో డప్పుల మధ్య నెత్తికెక్కిన కుండ ఇక కుండ కాదు, అమ్మవారి ఘటం. ఘటం వీధిలోకి వస్తే మోసేవారి కాళ్ళ మీద నీళ్ళు పోస్తాం. ఘటానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి దండం పెడతాం.

(పోలరాజు గారు ముందు వరసలోంచి: "ఒలే పాపా, ఇప్పుడదంతా ఎందుకే? సంతకం మాట సెప్పు.")

వస్తున్నాను బాబాయి గారూ. సంతకానికి దారి ఆ కుండ మీదుగానే ఉంది.

ఓటు రోజున మా మామ్మ జోగమ్మ తలంటి పోసుకుని, కుంకుమ భరిణె రొంటిన దోపుకుని, వరసలో అందరికన్నా ముందు నిలబడింది. లోపల ఆమె చేతికి కాగితం ఇచ్చారు, సిరా అద్దిన ముద్ర ఇచ్చారు. కాగితం మీద చూస్తే ఘటం. ఆ తరువాత ఆమె అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది: "అమ్మోరి గటం మీద సిరా ముద్దర గుద్దడానికి నాకు సేతులెలాగొత్తాయర్రా?" ముద్రను జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసి, ఉంగరం వేలితో కుండకు బొట్టు పెట్టి, కాగితాన్ని కళ్ళకద్దుకుని, మడిచి పెట్టెలో వేసింది. బయటికి వచ్చి భరిణెను వెనకామెకు ఇచ్చింది. వెనకామె తన వెనకామెకు ఇచ్చింది. సాయంత్రానికి భరిణె ఖాళీ అయి ఇంటికి వచ్చింది.

లెక్కింపులో అధికారి ఎర్రెర్రని కాగితాల దొంతర ఒకటి పైకెత్తి, "యే క్యా హై?" అని అడిగారు. పోలరాజు గారు, "పూజా హై, సాబ్," అన్నారు. (నవ్వులు)

(పోలరాజు గారు: "మరేటనమంటావు? ఉన్నమాటే కదా.")

పూజ చెల్లదన్నారు. వరహాలు గారు ఓడిపోయిన తేడా ఆ దొంతర కన్నా పలచన.

ఆ సాయంత్రం మా మామ్మ పొయ్యి వెలిగించకుండా తలుపు వేసుకుని కూర్చుంది. బస్తీ అంతా ఆమెను తిట్టడానికి మాటలు వెతుక్కుంటూ ఉండగా, ఓడిపోయిన మనిషి వచ్చి తలుపు తట్టారు. నాకప్పుడు పదేళ్ళు. గడియ తీసింది నేనే.

"పిన్నీ, ఆకలేత్తంది," అన్నారు.

"నిన్ను ముంచేసినాన్రా నాయినా."

"ముంచడమేటి? దేవుణ్ణి సేసేసినావు. దేవుడికి ఓట్లుండవు గానీ నైవేద్దెం ఉంటాది కదా. కూరేటి?"

నిన్నటి ఎండుచేపల పులుసు ఉంది. మా మామ్మ పొయ్యి వెలిగించి వేడి చేసింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, గుమ్మం దాటబోతూ ఒక మాట అన్నారు. "తప్పు నీది కాదు పిన్నీ. నానొచ్చి ఓటెయ్యమన్నాను గానీ, ఓటంటే ఏటో సెప్పలేదు."

ఆ వచ్చిన ఆదివారమే కొళాయి గట్టు దగ్గర (అప్పటికి కొళాయి లేదు, గట్టు మాత్రం ఉంది) ఒక బంగాళాదుంపను సగానికి కోసి, దాని మీద కత్తితో గుర్తు చెక్కి, ఊదా సిరా అద్ది, ఆడవాళ్ళ చేత ముద్రలు గుద్దించడం మొదలుపెట్టారు. ఊరికే గుద్దమంటే ఎవరూ రారు కదా. అందుకని నిజమైన ప్రశ్నలు పెట్టారు. వనభోజనాలకు వంకాయ కూరా, గుమ్మడికాయ దప్పళమా? బొమ్మలు గీసి రెండు గడులు ఇచ్చేవారు. వంకాయ ఘోరంగా ఓడిపోయింది. వంకాయకు ఓటేసిన గణపతిరావు గారు దప్పళం తినకుండా లేచిపోయారని చెప్పుకుంటారు. (నవ్వులు. అధ్యక్షులు చెయ్యి అడ్డంగా ఊపారు.)

డెబ్భై ఏడు వచ్చేసరికి మన ఆడవాళ్ళ ముద్రలు ముత్యాల్లా పడుతున్నాయి. అయినా వరహాలు గారికి భయం పోలేదు. ఏ గుర్తు కోరుకోవాలో తేల్చుకోవడానికి గుర్తుల కాగితం పట్టుకుని నేరుగా మా అరుగు మీదికి వచ్చారు. బొట్టు పడని గుర్తు కావాలి.

"పిన్నీ, సైకిలు?"

"దసరాకి ఎట్టమేటి?"

"కుట్టుమిషను?"

"దానికీ దసరాకే."

"నిచ్చెన?"

"ఇంటికి సున్నాలేసినప్పుడు."

"సింహం?"

మా మామ్మ చెంపలు వేసుకుంది. "అమ్మోరి వాహనాన్రా."

చివరకు వేలు ఒంటె మీద ఆగింది. మా మామ్మ కాగితాన్ని దగ్గరికి, దూరానికి పెట్టి చూసింది. "ఇదేటి? ఆవు కాదు, గుర్రం కాదు. దీన్నే దేవుడెక్కుతాడు?"

"మనవైపు ఏ దేవుడూ ఎక్కడు పిన్నీ."

"అయితే ఎట్టను."

అలా మనకు ఒంటె గుర్తు వచ్చింది. ఆ ఏడాదే ఊళ్ళోకి సర్కసు వస్తే ఆడవాళ్ళందరినీ తీసుకెళ్ళి ఒంటెను చూపించారు. మా మామ్మ దాని మెడ వైపు, మూపురం వైపు చూసి, "పోనీలే, దీనికి బొట్టెట్టాలన్నా నిచ్చెన ఎక్కాల," అంది. ఆ ఎన్నికల్లో చెల్లని ఓట్లు మన పోలింగు బూతులో దాదాపు లేవు. నీళ్ళు లేకపోయినా రోజుల తరబడి నడిచే జంతువు బొమ్మతో గెలిచి, ఆయన చేసిన మొదటి పని మనకు నీళ్ళు తేవడం.

నిజానికి ఆయన మొదట తేవాలనుకున్నది నీళ్ళు కాదు. ఇది ఆయన ఎదురుగానే చెబుతున్నాను. ఆయనకు ఒక క్లబ్బు కట్టాలని ఉండేది. మేడ, ఫ్యాను, క్యారంబోర్డు. గెలిచాక కూడా దుంప ఓటు మానలేదు కాబట్టి అదీ దుంప ముందుకే వచ్చింది. ఒక గడిలో మేడ, ఒక గడిలో కొళాయి. మేడకు పడిన ముద్రలు ఆయనవీ పోలరాజు గారివీ కాక ఇంకెవరివో ఇప్పటికీ తెలియదు. తరువాత మేడా, వీధి దీపమా అని పెట్టారు. దీపం గెలిచింది. మేడా, బస్సు కోసం నిలబడే చోట రేకుల నీడా అని పెట్టారు. ఏం జరిగిందో రేకు కింద నిలబడి షిఫ్టు బస్సు ఎక్కే మీకే తెలుసు. సొంత బస్తీలో ఇన్నిసార్లు ఓడిపోయి, అసెంబ్లీకి మాత్రం డెబ్భై ఏడులోనూ, ఎనభైలోనూ గెలిచిన ఎమ్మెల్యే ఇంకొకరు ఉంటారని అనుకోను. ఓడిన ప్రతిసారీ గట్టు మీద నిలబడి, "నాను ఓడిపోనాను. రేపు పని మొదలెట్టించండి," అనేవారు. ఆ మాట కోసమే పిల్లలం వెళ్ళి నిలబడేవాళ్ళం.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. పాట్నా అసెంబ్లీలో మాట్లాడడానికి ఆయనకు శుద్ధమైన హిందీ కావాల్సి వచ్చింది. ఆయనది ప్లాంటు హిందీ. నాది కాన్వెంటు పుస్తకాల హిందీ. "కానివెంటమ్మా, నాలుగు ముక్కలు రాసిపెట్టు," అని స్కూలు బస్సు దిగే చోట పట్టుకున్నారు. ఆయనకు నాగరి లిపి రాదు కాబట్టి హిందీని తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చేదాన్ని. అసెంబ్లీలో పక్క సీటు ఆయన ఆ కాగితం తొంగిచూసి, ఒక్క అక్షరం తెలియక, ఇదేదో రహస్య లిపి అని రెండు రోజులు ఆయన పక్కన జాగ్రత్తగా మసిలారట. (నవ్వులు)

నేను రాసినవి ఆయన ఎప్పుడూ సగమే చదివారు. సగం అయ్యాక కాగితం మడిచి, "హుజూర్, సీధీ బాత్ బోల్తా హూఁ," సూటిగా చెబుతాను అని, తన హిందీలోకి దిగిపోయేవారు. నా సగానికి సభ్యులు తలలు ఊపేవారట. ఆయన సగానికి పైపులు వచ్చేవి. అక్కడ అందరూ ఒకేసారి అరుస్తుంటే ఎలా అర్థం చేసుకుంటారని ఒకసారి అడిగాను. "అరుపులెవుడింటాడు? సేతులు సూత్తాను. మీ నాన్న నేర్పిన ఇద్దె," అన్నారు. మా నాన్న ఆ రోజు రెండు కప్పుల టీ ఎక్కువ తాగారు.

అయినా చదివిన ఆ సగంలో, ఉప్పు అడగడానికి అరగంట పట్టే మనిషి రాసిన వాక్యాలు, పాట్నాలో అంతమంది మధ్య గట్టిగా వినిపించేవి. ఆయన తిరిగి వచ్చి, "నీ మాటకి బల్లలు సరిసినారు," అని చెప్పేవారు. నా మాట అనేవారు. నాకు ఇంకెవరూ అలా చెప్పలేదు.

(కాగితాల చప్పుడు)

మన్నించండి. కాగితం తిరగేస్తున్నాను.

డిసెంబరులో పాట్నా రైలు దిగి, టాటానగర్ ప్లాట్‌ఫారం మీద వరహాలు గారు ఉన్నట్టుండి కూలబడ్డారు. కూలీలు నీళ్ళు చల్లి లేపారు. ఇంటికి వచ్చి, బూటు తాడు ఊడితే కట్టుకోవడానికి కూర్చున్నానని చెప్పారు. ఆయన భార్య సన్యాసమ్మ పెద్దమ్మ గుమ్మంలో విప్పిన ఆయన చెప్పులు తీసి, తాడు ఎక్కడుందో చూపించమన్నట్టు ఆయన ముందు పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆయన జీవితంలో బూటు వేసుకున్నది ప్లాంటులో ఉన్నప్పుడే. నిలబడనని ఆయన అనడం మొదలుపెట్టింది ఆ మర్నాటి నుంచి. మెత్తబడింది మొన్న.

పెద్దమ్మ గురించి కూడా ఒక మాట. ఆయన పెట్టిన దుంప ఓటుకు ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. "ఎమ్మెల్లే పెళ్ళాం ఎటు గుద్దితే అటే గుద్దుతారు. నానెందుకు?" అనేవారు. ఆదివారం సాయంత్రం గట్టు దగ్గర అంత సందడి జరుగుతుంటే, ఆమె తన ఇంట్లో అన్నం వార్చుకుని, ఆ అన్నం చల్లారేదాకా ఆయన కోసం చూసేవారు. ఇప్పుడు కూడా చాపల మీద, స్తంభం చాటున కూర్చున్నారు. వేదిక మీదికి రమ్మంటే రాలేదు.

ఇక దుంప.

"సభ ఏటంటే అదే," అని వరహాలు గారు మాట ఇచ్చారని తెలిసి, వెనక కూర్చున్న ఈ అమ్మలు నిన్న సాయంత్రం, మగవాళ్ళంతా ఇక్కడ షామియానా కడుతుండగా, కొళాయి గట్టు దగ్గర చేరారు. సభ అంటే ముందు వరసలేనా అని వారి ప్రశ్న. బొమ్మలు నన్ను గీయమన్నారు. ఒక గడిలో నిలబడిన ఒంటె. ఇంకో గడిలో కూర్చున్న ఒంటె. కూర్చున్న ఒంటెను గీయడం చాలా కష్టం, కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటుందో తెలియదు. దుంప కోశారు. సిరా అద్దారు. ఓట్లు నేనే విప్పాను. ఎవరి మాటకూ ఎదురు చెప్పను కాబట్టి నన్ను నమ్మారు. గణపతిరావు గారు కూడా అందుకే నన్ను నమ్మారు. పాపం, ఈసారి ఇద్దరికీ న్యాయం చేయలేను.

నా ఓటు నేను చెప్పుకోవచ్చు. నిలబడిన ఒంటె మీద గుద్దాను. ఆయన లేకపోతే నా హిందీ ఎవరు చదువుతారు? నాకు తోచిన కారణం అదొక్కటే. మంచి కారణం కాదని నాకు తెలుసు.

నేను ఓడిపోయాను. కూర్చున్న ఒంటె గెలిచింది, గుమ్మడికాయ దప్పళం గెలిచినంత గట్టిగా గెలిచింది.

(చాపల వైపు నుంచి చప్పట్లు. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. పోలరాజు గారు: "ఏటిది? మాకు సెప్పకుండా ఓటేటి?" వెనక నుంచి ఒకామె: "మీరు మాకు సెప్పి నింపినారేటి కాయితం?")

వరహాలు గారూ, ఈ ఫలితం మీ మీద కోపంతో వచ్చింది కాదు. గట్టు దగ్గర వరసలో నూకాలమ్మ పిన్ని అన్న మాట అలాగే చెబుతున్నాను: "మాకు గుద్దడం నేర్పినాడు కదా. ఇంక ఎవులొచ్చినా సూసుకుంటాం. ఆయన్ని కూకోమను." మీరు పై నుంచి చూడడానికి అలవాటు పడ్డ సంజ్ఞ ఒకటి మా నాన్న దగ్గర నేర్చుకుని వచ్చాను. అరచెయ్యి కిందికి, మెల్లగా. ఇదిగో. దించమని.

(వరహాలు గారు లేచి మైకు దగ్గరకు వచ్చి: "నాను ఓడిపోనాను." చాలాసేపు చప్పట్లు. "గణపతిరావు గారూ, ఆ కాయితం జోబీలోనే ఉంచండి." వెళ్ళి కూర్చున్నారు.)

ఆ మాట మళ్ళీ వినడానికి చిన్నప్పటిలాగే నిలబడి ఉన్నాను.

ఒక లోపం కూడా చెప్పాలి, లెక్క సరిగ్గా ఉండాలి కాబట్టి. నిన్నటి ఓట్లలో ఒకటి చెల్లలేదు. దాని మీద దుంప ముద్ర లేదు. కూర్చున్న ఒంటె నుదుటి మీద, చాలా శ్రద్ధగా, ఉంగరం వేలితో పెట్టిన కుంకుమ బొట్టు ఉంది. జోగమ్మ మామ్మ మీదకు నెట్టేద్దామంటే ఆమె పోయి రెండేళ్ళయింది. నియమం ప్రకారం ఆ కాగితం పక్కన పెట్టాను. ఎవరిదని అడగను. ఓటు రహస్యం అని మాకు నేర్పింది వరహాలు గారే.

నన్ను ఇంతసేపు భరించిన అధ్యక్షులకు, మధ్య మధ్య నాకు ఊపిరి తీసుకోవడానికి సమయం ఇచ్చిన పోలరాజు బాబాయి గారికి, షామియానా కట్టి నిన్న గట్టు దగ్గర మాకు చోటు వదిలిన మగవారందరికీ, నా వాక్యాల్లో సగమైనా పాట్నా దాకా మోసిన వరహాలు గారికి కృతజ్ఞతలు. భోజనాల్లో దప్పళం ఉంది, అధ్యక్షుల కోసం వంకాయ కూడా ఉంది. సెలవు.

నిన్న వరసలో అందరికన్నా చివర నిలబడింది సన్యాసమ్మ పెద్దమ్మ.